ఎర్ర దీపం వెలిగితే ఎవరు ఆగాలి?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఈసారి తీసుకున్నాను. పొడవైన ఉత్తరం కాబట్టి ముందు సారాంశం చెబుతాను.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆమెకు 11 ఏళ్ల అనుభవం. మొదట్లో ప్రతి రిలీజుకూ చేత్తోనే పరీక్షలు చేశారు. నాలుగేళ్ల క్రితం ఆటోమేషన్ బాధ్యత తీసుకుని, ఒక్కొక్కటిగా రాస్తూ, రాయిస్తూ ఇప్పటికి 1,100 టెస్టులు పోగుచేశారు. దాదాపు అన్నీ బ్రౌజర్ తెరిచి, వాడకందారు నొక్కినట్టే బటన్లు నొక్కుతూ వెళ్లే టెస్టులు. రాత్రి మొదలుపెడితే అయిదు గంటలు నడుస్తాయి. తెల్లవారేసరికి నలభయ్యో యాభయ్యో ఫెయిల్ అయి ఉంటాయి. ఆమె ఉదయం ఆరింటికే ల్యాప్‌టాప్ తెరిచి వాటిని మళ్లీ నడిపిస్తారు. చాలావరకు రెండోసారి పాస్ అవుతాయి. మిగిలిన వాటిలో కొన్నింటికి డేటా మారిపోవడం కారణం, కొన్నింటికి ఎవరో చెప్పకుండా బటన్ పేరు మార్చడం కారణం. నిజమైన బగ్గులు వారానికి ఒకటో రెండో తేలతాయి. బృందంలోని 18 మంది డెవలపర్లు ఆ ఫలితాల వైపు చూడరు. బిల్డు సందేశాలు వచ్చే గ్రూపును చాలామంది మ్యూట్ చేసేశారు. ఒకప్పుడు స్నేహంగా ఉండే ఒక సీనియర్ డెవలపర్ అందరి ముందూ "మీ టెస్టులు ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటాయి, ఎన్నిసార్లని ఓదార్చమంటారు?" అన్నారట.

ఆరు వారాల క్రితం ఒక రిలీజు తర్వాత, ఆర్డరు రద్దు చేసుకున్న కొందరు కస్టమర్లకు డబ్బు రెండుసార్లు వాపసు వెళ్లింది. దాన్ని పట్టుకోవలసిన టెస్టు ఉంది. రిలీజుకు ముందు వరుసగా నాలుగు రాత్రులు అది ఎర్రగానే, అంటే ఫెయిల్ అయినట్టే, ఉంది. కానీ అంతకుముందు రెండు నెలలుగా అది ఒకరోజు పాస్, ఒకరోజు ఫెయిల్ అవుతూ ఉండడంతో ఆమే దాన్ని "తెలిసిన సమస్య" జాబితాలో చేర్చారు. సమీక్షలో "టెస్టింగ్ వాళ్లు ఏం చేస్తున్నట్టు?" అన్న ప్రశ్న వచ్చింది. మేనేజర్ మూడు నెలల్లో కోడ్ కవరేజీ (కోడులో ఎంత భాగాన్ని టెస్టులు నడిపి చూశాయో చెప్పే లెక్క) 80 శాతానికి చేరాలని, డాష్‌బోర్డులో ఎరుపు కనబడకూడదని ఆదేశించారు. ఆ అంకె కోసం కొత్తగా చేరినవాళ్లు దేన్నీ సరిచూడని టెస్టులు రాస్తున్నారు. ఈలోగా మరో బృందం నుంచి ఆమెకు పిలుపు వచ్చింది.

ఆమె అడిగినవి ఇవి: ఫెయిలైన టెస్టు తనంతట తానే మళ్లీ నడిచేలా పెట్టేయమంటారా? అన్నీ తీసేసి కొత్త టూలుతో మొదలుపెట్టమంటారా? ఆ రెండో బృందానికి వెళ్లిపోవడం పారిపోవడమా? అన్నిటికంటే ముందు, తప్పు నాదేనా?

ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలకపోతే మిగిలినవి మీకు వినబడవు.

మీరు ఆ టెస్టును పక్కన పెట్టిన మాట నిజం. దాన్ని మెత్తగా చెప్పి మిమ్మల్ని ఊరడించను. కానీ ఆ నాలుగు రాత్రులూ ఏం జరిగిందో ఒకసారి వరుసగా చూడండి. టెస్టు తన పని చేసింది, ఎర్రబడింది. ఆ ఎరుపు ఎవరికి చేరింది? మీకు. వాపసు కోడును మార్చింది ఎవరు? మీరు కాదు. ఆ రోజు ఆ బృందంలో ఇరవయ్యో ముప్పయ్యో మార్పులు కలిసి ఉంటాయి. వాటిలో ఏది దీనికి కారణమో చూడగానే పోల్చుకోగల మనిషి ఒక్కరే, ఆ మార్పు చేసినవారు. ఆయన ఆ గ్రూపును మ్యూట్ చేసుకుని నిద్రపోతున్నారు. కారణం తెలిసినవారికి కబురు వెళ్లదు, కబురు అందినవారికి కారణం తెలియదు. ఇలాంటి ఏర్పాటులో మీ స్థానంలో ఎవరున్నా ఏదో ఒక రోజు అదే జాబితాలో అదే టెస్టును చేర్చేవారు. సమీక్షలో అడగవలసిన ప్రశ్న "టెస్టింగ్ వాళ్లు ఏం చేస్తున్నట్టు" అన్నది కాదు. "నాలుగు రాత్రులు ఎర్రగా ఉన్నా కోడు కలపడం ఎందుకు ఆగలేదు" అని అడగాలి. ఆ ప్రశ్న వేస్తే తిలా పాపం తలా పిడికెడు అవుతుంది కాబట్టి ఎవరూ వేసి ఉండరు.

అందరి మార్పులనూ తరచుగా ఒకచోట కలిపి ప్రతిసారీ టెస్టులు నడిపే, కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ అని ఇప్పుడు అందరూ అనే పద్ధతి 1990ల చివర్లో ప్రోగ్రామర్ కెంట్ బెక్, ఆయన సహచరులు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పేరిట పని చేసినప్పుడు బాగా ప్రచారంలోకి వచ్చింది. అప్పట్లో అందులో యంత్రం పాత్ర చాలా తక్కువ. కోడు కలపడానికి విడిగా ఉంచిన ఒక కంప్యూటర్ దగ్గర కూర్చోవాలి, తమ మార్పు కలపాలి, టెస్టులన్నీ నడపాలి. అన్నీ పాస్ అయితేనే లేవాలి. కాకపోతే బాగుచేయాలి, చేతకాకపోతే తమ మార్పును వెనక్కి తీసుకుని పోవాలి. అంటే కలిపినవారే ఆగేవారు. తర్వాత ఆ పని చేసిపెట్టే సర్వర్లు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువమందికి తెలిసిన జెంకిన్స్‌కు ఆ పేరు 2011లో వచ్చింది, అంతకుముందు దాన్ని హడ్సన్ అనేవారు. సర్వర్లు టెస్టులు నడిపే శ్రమను తగ్గించాయి. ఆగాలన్న నియమాన్ని మాత్రం అవి తెచ్చిపెట్టలేవు. మీ బృందంలో సర్వర్ ఉంది, నియమం లేదు. ఆ ఖాళీలో మీరు నిలబడ్డారు.

ఇక ఆ సీనియర్ డెవలపర్ మాట. మొరటు మాటే, అందరి ముందూ అనడం మరీ మొరటు. కానీ లెక్క చూడండి. రాత్రికి 45 చొప్పున అయిదు రాత్రులకు 225 ఎరుపులు. వాటిలో నిజమైనవి మీరే రాసినట్టు ఒకటో రెండో. అంటే మీ ఎరుపును పట్టించుకోకుండా వదిలేసిన మనిషి నూటికి తొంభై తొమ్మిది సార్లు సరైన పనే చేస్తున్నాడు. దాన్ని బద్ధకం అనలేం. అనుభవం నేర్పిన తెలివి అది. మీరు ఎంత బతిమాలినా, మేనేజర్ ఎంత గదిమినా, ఆ నిష్పత్తి మారనంతవరకు ఆయన మారరు. నా అభిప్రాయంలో మారకూడదు కూడా.

ఇది మీ ఒక్కరి దురవస్థ కాదు. ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యే ఫ్లేకీ టెస్టుల గురించి గూగుల్‌లో అప్పట్లో టెస్టింగ్ చూసిన జాన్ మికో 2016లో తమ సంస్థ లెక్కలు బయటపెట్టారు. అక్కడ దాదాపు 16 శాతం టెస్టుల్లో ఎంతో కొంత ఈ గుణం ఉందని, పాస్ నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతం ఇలాంటి టెస్టులతో ముడిపడినవేనని అందులో ఉంది. అంతటి వనరులున్న చోటే పరిస్థితి అలా ఉంటే, ముగ్గురు మనుషులతో నడుస్తున్న మీ విభాగం సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇంకో లెక్క కూడా చేసి చూడండి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేదంతా దీనిమీదే నిలబడుతుంది. మీ టెస్టులన్నీ చాలా మంచివి, ఒక్కొక్కటి వెయ్యిసార్లు నడిపితే ఒక్కసారే అకారణంగా ఫెయిల్ అవుతుంది అనుకుందాం. అలాంటివి 1,100 ఉంటే, కోడులో ఏ తప్పూ లేని రాత్రి కూడా మొత్తం పచ్చగా వచ్చే అవకాశం 33 శాతమే. మూడు రాత్రుల్లో రెండు రాత్రులు ఎక్కడో ఒకచోట ఎరుపు తప్పదు. అదే నాణ్యత ఉన్న టెస్టులు 40 మాత్రమే ఉంటే అకారణపు ఎరుపు పాతిక సార్లకు ఒకసారి వస్తుంది. టెస్టుల నాణ్యత మారలేదు, సంఖ్య మారింది, దానితో నమ్మకం మారింది. మీ మేనేజర్ కోరుకునే ఎరుపు లేని డాష్‌బోర్డు మీ దగ్గరున్న టెస్టుల మీద గణితం ప్రకారమే కుదరదు. కుదిరిందంటే ఎవరో ఎరుపుకు పచ్చరంగు పూస్తున్నట్టు.

ఇప్పుడు మీ మొదటి ప్రత్యామ్నాయం, దానంతట అదే మళ్లీ నడిచేలా పెట్టడం. ఒక్క రోజు పని. మర్నాటి నుంచి ఎరుపులు నలభై నుంచి అయిదారుకు పడిపోవచ్చు. అందరూ మెచ్చుకుంటారు. కానీ మీరు రాసిన ఆ వాపసు బగ్గునే తీసుకోండి. రెండు నెలలుగా ఒకరోజు పాస్, ఒకరోజు ఫెయిల్ అవుతూ వచ్చిందన్నారు. డబ్బు రెండుసార్లు వెళ్లడం అనేది తరచుగా రెండు అభ్యర్థనలు ఒకేసారి వచ్చి పడినప్పుడు జరిగే తప్పు. ఎప్పుడూ జరగదు, సమయం కలిసివచ్చినప్పుడే జరుగుతుంది. ఆ టెస్టు మొదటినుంచీ ఫ్లేకీ కాదేమో, కోడే ఫ్లేకీగా ఉందేమో, ఆ చరిత్రను ఒకసారి తవ్వి చూడమని నా మనవి. పదిసార్లకు ఒకసారి బయటపడే నిజమైన తప్పు ఉందనుకోండి. ఒకసారి మళ్లీ నడిపే ఏర్పాటు పెడితే అది నూటికి ఒకసారే ఎర్రగా కనబడుతుంది. రెండుసార్లు నడిపిస్తే వెయ్యికి ఒకసారి. అంటే ఈ ఏర్పాటు అబద్ధపు ఎరుపులతో పాటు, కస్టమర్‌ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించే రకం బగ్గులను కూడా పూడ్చిపెడుతుంది. అయినా ఊపిరి తీసుకోవడానికి కొంతకాలం కావాలంటే పెట్టండి, తప్పులేదు. ఒక షరతు మాత్రం ఉంచుకోండి. రెండోసారి పాస్ అయినదాన్ని పాస్‌గా లెక్కించకండి. దానికో వేరే రంగు ఇవ్వండి, వేరే లెక్క రాయండి. డబ్బుతో ముడిపడిన టెస్టులకు మాత్రం ఈ వెసులుబాటు అసలు ఇవ్వకండి.

నిజానికి మీ దగ్గర మళ్లీ నడిపే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అది ఉదయం ఆరింటికి ల్యాప్‌టాప్ తెరుస్తుంది.

అన్నీ తీసేసి కొత్త టూలుకు మారడం గురించి. దీని ఆకర్షణ నాకు అర్థమవుతుంది, పాత బాకీ రద్దైనట్టు ఉంటుంది. కొంత నిజమైన లాభం కూడా ఉంది. 2014లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అపాచీ సంస్థ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఫ్లేకీ టెస్టులను సరిదిద్దిన మార్పులను పరిశీలించినప్పుడు, దాదాపు సగానికి కారణం ఒకటే తేలింది: అవతలి పని పూర్తయ్యేదాకా టెస్టు సరిగ్గా ఆగకపోవడం. ఆ తర్వాతి స్థానాల్లో ఒకేసారి నడిచే పనులు ఒకదానితో ఒకటి ఢీకొనడం, టెస్టులు ఒకదాని మీద ఒకటి ఆధారపడడం ఉన్నాయి. ప్లేరైట్ లాంటి కొత్త టూల్సు బటన్ కనబడి, నొక్కడానికి సిద్ధమయ్యేదాకా తామే ఆగుతాయి కాబట్టి ఆ మొదటి కారణం చాలావరకు తగ్గుతుంది. కానీ టూలు మారినా మీ టెస్టులన్నీ ఒకే డేటాబేస్‌లో ఒకే కస్టమర్ ఖాతాను పంచుకుంటుంటే ఆ గొడవ కొత్త టూలుతో పాటు కొత్త ఇంటికి వస్తుంది. చెప్పకుండా బటన్ పేరు మార్చే అలవాటూ వస్తుంది. పైగా 1,100 టెస్టులు తిరగరాసే ఆ ఏడాదిలో మీకు పాతవీ ఉండవు, కొత్తవీ ఉండవు. పాత టూలుతోనే ఆ మొదటి కారణాన్ని తగ్గించవచ్చు. మీ టెస్టుల్లో "అయిదు సెకన్లు ఆగు" అని రాసిన చోట్లన్నీ వెతికి, "ఈ వరుస తెరమీద కనబడేదాకా ఆగు" అని మార్చడం విసుగు పుట్టించే పనే. కానీ ఎరుపు నిజంగా తగ్గేది అక్కడే. ప్రతి టెస్టూ తన ఖాతాను తానే సృష్టించుకునేలా చేయడం రెండోది. ఎవరైనా కొత్త టూలు అంటే ముందు ఈ రెండూ చేశారా అని అడగండి.

మీరు ఉత్తరంలో ప్రస్తావించని ఇంకో దారి ఉంది. నేనైతే దానికే మొగ్గుతాను, అయితే అది మీకు కష్టంగా ఉంటుందని కూడా తెలుసు. 1,100 టెస్టులను ఒకే మూటగా చూడడం మానేయండి. విరిగితే వ్యాపారానికి అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలే దారులు ఎంచుకోండి: లాగిన్, ఆర్డరు, చెల్లింపు, వాపసు, ఇంకేమైనా ఒకటి రెండు. వాటికి సంబంధించిన ముప్పయ్యో నలభయ్యో టెస్టులను ఏరి, అకారణంగా ఫెయిల్ కాకుండా చేయడానికి మీ ముగ్గురి సమయం మొత్తం వెచ్చించండి. అవి రాత్రి కాదు, ప్రతి డెవలపర్ కోడు కలపడానికి ముందు నడవాలి. సమాంతరంగా నడిపించి పది నిమిషాల్లోపు ముగించాలి. అంతకు మించితే మనిషి వేరే పనిలో పడిపోతాడు, ఫలితం వచ్చేసరికి తాను ఏం మార్చాడో మరిచిపోతాడు. అవి ఎర్రగా ఉంటే కోడు కలవదు. ఎవరిదైనా సరే. అప్పుడు ఎరుపు మొదట చేరేది, కారణం తెలిసిన మనిషికి. మీకు చేరదు.

మిగిలిన వెయ్యి టెస్టులూ రాత్రి నడుస్తూనే ఉండనివ్వండి, కానీ ఎవరినీ ఆపే అధికారం వాటికి ఇవ్వకండి. వాటిలో నిలకడలేనివాటిని క్వారంటైన్‌లో పెట్టండి. ఇక్కడ మీరు నన్ను నిలదీయవచ్చు: "నేను వాపసు టెస్టును జాబితాలో చేర్చి చేసింది అదే కదా?" అదే. తేడా రెండు విషయాల్లో ఉంది. మీ జాబితాలో టెస్టు పేరు పక్కన మనిషి పేరు లేదు, తేదీ లేదు. క్వారంటైన్‌లోకి వెళ్లే ప్రతి టెస్టుకూ ఒక యజమాని, ఒక గడువు ఉండాలి. ఆ యజమాని ఆ భాగం కోడు రాసే డెవలపర్ అయితే మేలు. రెండు వారాలనుకోండి, ఈలోగా బాగుపడితే తిరిగి వస్తుంది. లేకపోతే తీసేయాలి. ఫైలులో కామెంటు చేసి ఉంచడం కాదు, తీసేయాలి. ఒక టెస్టు పోతే ఆ భాగానికి కాపలా పోయిందన్న సంగతి అందరికీ కనబడుతుంది. జాబితాలో పడి ఉంటే కాపలా ఉన్నట్టే కనబడుతుంది, ఉండదు. ఇలా చేస్తే మొదటి నెలల్లో మూడు వందల టెస్టులు పోయినా నేను ఆశ్చర్యపోను. వాటిలో కొన్ని మీరు రాత్రులు కూర్చుని రాసినవి అయి ఉంటాయి. బాధగా ఉంటుంది. మీ పై అధికారికి సంఖ్య తగ్గడం నచ్చదు, ఆ సంజాయిషీ ముందే సిద్ధం చేసుకోండి.

వాపసు టెస్టు గురించి విడిగా ఒక మాట. డబ్బు రెండుసార్లు వెళ్తుందా అని తెలుసుకోవడానికి బ్రౌజర్ తెరవనక్కర్లేదు. వాపసు చేసే ఫంక్షన్‌ను ఒకే ఆర్డరు సంఖ్యతో రెండుసార్లు పిలిచి, లెక్కల పుస్తకంలో ఒకే పద్దు పడిందో లేదో చూస్తే ముందు సగం సందేహం తీరుతుంది. మిల్లీసెకన్ల పని. రెండు అభ్యర్థనలు ఒకేసారి వచ్చే పరిస్థితికి నిజమైన డేటాబేస్‌తో ఇంకొక టెస్టు రాయాలి, అది సెకన్లలో తేలుతుంది. మైక్ కోన్ 2009లో చెప్పిన టెస్టుల పిరమిడ్ సారం ఇదే: అడుగున వేగంగా నడిచే చిన్న టెస్టులు ఎక్కువ, పైన బ్రౌజర్ టెస్టులు కొన్ని. మీ దగ్గర అది తలకిందులుగా ఉంది. దానికి కారణం మీ అవగాహనాలోపం కాదు. బయటినుంచి టెస్టు చేయమని మిమ్మల్ని బయట కూర్చోబెట్టారు, మీకు అందుబాటులో ఉన్నది బ్రౌజరే. అడుగు టెస్టులు రాయవలసింది ఆ కోడు రాసేవాళ్లు. ఆ మాటకు వాళ్లను ఒప్పించడమే అసలు పని, దానికి ఏ టూలూ లేదు.

అందుకే ఆ సీనియర్ డెవలపర్‌తో మాట్లాడమంటాను. సమావేశంలో వద్దు, విడిగా. క్షమాపణతోనూ మొదలుపెట్టకండి, ఫిర్యాదుతోనూ వద్దు. గత నెల ఎరుపుల లెక్క తీసి ముందు పెట్టండి. "మీరన్నది నిజమే, వీటిలో నిజమైనవి ఇన్నే. నేను ఇకపై మీ ముందుకు నలభై టెస్టులే తెస్తాను. అవి అకారణంగా ఎర్రబడితే నన్ను అడగండి, ఆ రోజే సరిచేస్తాను. సకారణంగా ఎర్రబడితే మీరు ఆగాలి. ఒప్పుకుంటారా?" అని అడగండి. తన విమర్శను అంగీకరించినవారి బేరాన్ని తోసిపుచ్చడం ఎవరికైనా కష్టం. ఒప్పుకుంటే మిగతా 17 మందిని ఆయనే చూసుకుంటారు. ఒప్పుకోకపోతే అదీ మీకు అవసరమైన సమాచారమే, ఎందుకో చివర్లో చెబుతాను.

మేనేజర్‌తో తగాదా పెట్టుకోకండి. ఆయన అడిగిన 80 శాతం అంకె మూర్ఖత్వం కాదు, భయం. ఏదో ఒకటి చేస్తున్నట్టు పై వాళ్లకు చూపాలి. కానీ కవరేజీ ఏ వరుసలు నడిచాయో చెబుతుంది, ఫలితాన్ని ఎవరైనా సరిచూశారో లేదో చెప్పదు. కొత్తవాళ్లు రాస్తున్న ఖాళీ టెస్టులు ఆదేశాన్ని అక్షరాలా పాటిస్తున్నాయి, వాళ్లను కోప్పడి లాభంలేదు. మాటలతో చెబితే ఇది వాదనలా వినబడుతుంది కాబట్టి చేసి చూపించండి. కోడులో కావాలని ఒక్కో చిన్న తప్పు పెట్టి, ఏ టెస్టయినా పట్టుకుంటుందో లేదో చూసే పద్ధతి 1970ల నుంచే ఉంది, మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు. జావాకు పిట్, జావాస్క్రిప్ట్‌కు స్ట్రైకర్ అనే టూల్సు ఆ పని చేస్తాయి. మొత్తం కోడు మీద నడిపితే గంటలు పడుతుంది, అనవసరం. కవరేజీ బాగా పెరిగిన ఒక్క భాగాన్ని తీసుకుని దాని మీద నడపండి. కూడికను తీసివేతగా మార్చినా ఒక్క టెస్టూ ఎర్రబడలేదని ఆయన కళ్లతో చూస్తే చాలు. వెంటనే ఆయనకు బదులు అంకెలు కావాలి, ఖాళీ చేతులతో వెళ్లకండి. కోడు పంపిన తర్వాత ఎంతసేపటికి ఫలితం తెలుస్తోంది, వచ్చిన ఎరుపుల్లో నిజమైనవి ఎన్ని, ఒక ఎరుపు ఎంతసేపు ఎర్రగా ఉండిపోతోంది. ఈ మూడూ డాష్‌బోర్డులో పెట్టడానికి బాగుంటాయి, మోసం చేయడం కవరేజీ కంటే కష్టం. అయినా 80 శాతమే కావాలని పట్టుబడితే, కనీసం పాత కోడును వదిలేసి కొత్తగా మారుతున్న వరుసలకే ఆ నియమం వర్తించేలా అడగండి. ఖాళీ టెస్టుల ఉత్పత్తి చాలావరకు ఆగుతుంది.

ఉదయం ఆరింటి పని మానేయండి. మీ స్నేహితులు ఎవరైనా ఈపాటికి కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని అనే ఉంటారు. వాళ్లన్నంత తేలిగ్గా నేను అనను, ఎందుకంటే మీరు మానేసిన మొదటి వారం కొన్ని నిజమైన బగ్గులు చదివేవాళ్లు లేక మిగిలిపోతాయి. అందుకే చెప్పకుండా మానకండి. ఫలానా తేదీ నుంచి రాత్రి ఫలితాలను ఆఫీసు వేళల్లోనే, అదీ చెల్లింపులు, వాపసులకు సంబంధించినవే చూస్తామని, మిగిలినవాటికి ఆయా భాగాల వాళ్లు బాధ్యులని రాతపూర్వకంగా ముందే తెలియజేయండి. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే చెబుతారు. ఇన్నాళ్లూ మీ శ్రమ ఈ వ్యవస్థలోని నొప్పిని ఎవరికీ తెలియకుండా మింగేస్తూ వచ్చింది. నొప్పి తెలియని వాళ్లు వైద్యానికి ఒప్పుకోరు.

ఇక రెండో బృందం. వెళ్లడం పారిపోవడం కాదు. నాలుగేళ్లు ఒక పనిని మోసినవారికి దాన్ని దించుకునే హక్కు ఉంటుంది. మీరు వెళితే ఈ టెస్టులు కొన్ని వారాల్లోనే ఎవరూ చూడని స్థితికి వస్తాయి, దానికి మీరు సిద్ధపడాలి. అది మీ బాధ్యత కాదు. కానీ దూరం నుంచి చూసి బాధపడే స్వభావం మీదని ఉత్తరమే చెబుతోంది. ఒప్పుకునే ముందు అక్కడి వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "కోడు కలిపాక టెస్టు ఫెయిలైతే మీ దగ్గర ఎవరు ఆగుతారు?" మేనేజర్‌ను కాదు, ఒక మామూలు డెవలపర్‌ను అడగండి. "కలిపినవాళ్లే, ముందు దాన్ని వెనక్కి తీసేస్తాం" అంటే సంతోషంగా వెళ్లండి. "టెస్టింగ్ వాళ్లు చూసుకుంటారు" అంటే మీరు మారేది కుర్చీ మాత్రమే.

ఉండిపోవాలనుకుంటే, ఉండడానికి ఒక షరతు పెట్టుకోండి: ఆ నలభై టెస్టులకు ఆపే అధికారం రావాలి. వస్తే దాని అసలు పరీక్ష రిలీజు ముందురోజు సాయంత్రం జరుగుతుంది. ఏదో ఒకటి ఎర్రగా ఉంటుంది, "ఈ ఒక్కసారికి వదిలేద్దాం" అని ఎవరో అంటారు. కొన్నిసార్లు అది న్యాయమైన కోరికే అవుతుంది కూడా. కాబట్టి ఆ వేడిలో తేల్చుకోకుండా ముందే ఒప్పందం చేసుకోండి: దాటవేసే అధికారం ఎవరికి ఉంది, దాటవేసినప్పుడు వారి పేరు, కారణం ఎక్కడ నమోదవుతాయి. మొదటి రెండు మూడు రిలీజుల్లో ఆ పుస్తకంలో ఎన్ని పేర్లు పడ్డాయో చూస్తే మీ బృందం మనసు మీకు తెలుస్తుంది. ప్రతిసారీ పడుతుంటే, లేక ఆ సీనియర్ డెవలపర్ మొదటి బేరమే తోసిపుచ్చితే, ఇక్కడ ఆగడానికి ఎవరికీ ఇష్టం లేదని అర్థం. అప్పుడు వెళ్లడం గురించి మీకు సందేహం మిగలదు.

ఆ పిలుపుకు ఎప్పటిలోగా జవాబు ఇవ్వాలో మీరు రాయలేదు. నెల రోజులు గడువు అడిగి చూడండి. నలభై టెస్టులు ఏరడానికి, ఆ డెవలపర్‌తో ఒకసారి మాట్లాడడానికి, ఒక రిలీజు ముందురోజు సాయంత్రం ఏం జరుగుతుందో చూడడానికి అది చాలు. గడువు ఇవ్వలేమని వాళ్లంటే, వెళ్లే ముందు ఆ వాపసు టెస్టుకు ఒక డెవలపర్ పేరు రాయించి వెళ్లండి.